స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సైద్ధాంతిక వివాదాలు - తెలుగు పాఠం: ధర్మపురి నరసింహ శతకం ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం:
స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్ అనే రెండు పేర్ల మధ్య 1998 నుంచి సాగుతున్న వివాదాన్ని తెలుగులో ఎక్కువగా సాంకేతిక విషయంగానే పరిచయం చేస్తూ వచ్చారు. నిజానికి అది పదాల అర్థం గురించి, పాఠాన్ని మార్చే హక్కు గురించి, మార్చినవారి బాధ్యత గురించి జరిగిన వివాదం. తెలుగు సాహిత్య పరిశోధకుడికి ఈ మూడూ పరాయివి కావు. ఇంగ్లీషులో వివాదానికి మూలమైన పదసందిగ్ధత తెలుగులో లేదనీ, దాని స్థానంలో స్వేచ్ఛ, స్వాతంత్ర్యం అనే రెండు పదాల మధ్య మరొక సమస్య ఉందనీ, ఉద్యమ సాహిత్యం దానిని పట్టించుకోలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పాఠం ప్రయాణించే తీరును చూపడానికి శేషప్ప కవి నరసింహ శతకాన్ని ఉదాహరణగా తీసుకుంటుంది.

కీలకపదాలు: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్, ఓపెన్ సోర్స్, కాపీలెఫ్ట్, ధర్మపురి, శేషప్ప కవి, శతకం, పాఠపరిష్కరణ, యూనికోడ్.

1. ప్రస్తావన

గోదావరి దక్షిణవాహినిగా సాగే ధర్మపురి తెలుగు పాఠకలోకానికి ప్రధానంగా ఒక శతకం ద్వారా పరిచయం. శేషప్ప కవి నరసింహ శతకానికి ఎన్నుకున్న మకుటంలోనే ఊరి పేరు ఉంది. 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలోనూ, తరువాత జగిత్యాల జిల్లాలోనూ ఉన్న ఈ క్షేత్రాన్ని ఎన్నడూ చూడని పిల్లలు కూడా సీసపద్యం చివర ఆ ఊరిని తలచుకుంటూనే శతకం వల్లించారు. ఆ పద్యాలను నోటికి నేర్చినవారు, రాసుకున్నవారు, అచ్చువేసినవారు ఎవరి అనుమతీ అడగలేదు. అడగవలసిన అవసరం ఉందన్న ఊహే ఆనాటి సమాజంలో లేదు.

అదే శతకం ఇవాళ కంప్యూటరులో మూడు రూపాలలో ఎదురవుతుంది. పాత ముద్రణను స్కాన్ చేసిన బొమ్మ ఒకటి. డీటీపీ కేంద్రంలో అను వంటి పాత ఫాంట్లతో కూర్చిన ప్రతి మరొకటి. తెలుగు వికీసోర్స్ వంటి చోట్ల కనిపించే యూనికోడ్ పాఠం మూడవది. మొదటిదానిని చదవవచ్చు, అందులో ఒక పదాన్ని వెతకలేము. రెండవది అచ్చుకు చక్కగా పనికివస్తుంది, ఆ ఫాంటు లేని యంత్రంలో మాత్రం అర్థంలేని రోమన్ అక్షరాల వరుసగా తేలుతుంది. మూడవదానిని వెతకవచ్చు, లెక్కించవచ్చు, సరిపోల్చవచ్చు, మరొకచోటికి తీసుకుపోవచ్చు. కవికి సంబంధించినంతవరకు మూడూ ఒకే శతకం. కాపీరైటు చట్టానికి సంబంధించినంతవరకు కూడా శేషప్ప పద్యాల మీద ఎవరికీ హక్కు లేదు. అయినా మొదటి రెండు ప్రతులను చేతిలో పెట్టుకున్న పరిశోధకుడికి చేతనైన పనులు మూడవ ప్రతి ఉన్నవాడికి చేతనైన పనులకంటే చాలా తక్కువ. చట్టం అడ్డుపడని చోట ఈ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నాలుగు దశాబ్దాలుగా తనలో తాను తగవుపడుతున్నది సరిగ్గా ఇటువంటి ప్రశ్నల మీదనే.

2. ఒకే మూలం, రెండు భాష్యాలు

1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ పేరుతో ఒక సంపూర్ణ నిర్వహణ వ్యవస్థను రాస్తానని ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడింది. 1989లో జనరల్ పబ్లిక్ లైసెన్సు మొదటి రూపం వచ్చింది. ప్రోగ్రాంను ఏ పనికైనా నడుపుకోవడం, అది ఎట్లా పనిచేస్తుందో చదివి మార్చుకోవడం, ప్రతులు పంచడం, మార్చిన ప్రతులను కూడా పంచడం అనే నాలుగు హక్కులు దీనికి పునాది. చదివి మార్చాలంటే సోర్స్ కోడ్, అంటే మనిషి రాసిన రూపంలోని ప్రోగ్రాం పాఠం, అందుబాటులో ఉండాలి. యంత్రానికి మాత్రమే అర్థమయ్యే రూపాన్ని ఇచ్చి మూలపాఠాన్ని దాచుకోవడం స్టాల్‌మన్ దృష్టిలో నష్టమో అసౌకర్యమో కాదు, అన్యాయం. ఆయన వాదమంతా నీతిశాస్త్ర పరిభాషలో నడుస్తుంది.

1998 జనవరిలో నెట్‌స్కేప్ సంస్థ తన బ్రౌజరు సోర్స్ కోడ్‌ను విడుదల చేస్తామని ప్రకటించింది. మరుసటి నెలలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో కొందరు సమావేశమై, వ్యాపారులను బెదరగొట్టని కొత్త పేరు కోసం ఆలోచించారు. క్రిస్టీన్ పీటర్సన్ సూచించిన ఓపెన్ సోర్స్ అన్న పేరు నిలిచింది. ఎరిక్ రేమండ్, బ్రూస్ పెరెన్స్ కలిసి ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్‌ను స్థాపించారు. అంతకు ముందు ఏడాదే రేమండ్ 'ది కెథీడ్రల్ అండ్ ది బజార్' అనే వ్యాసంలో, పదిమంది కళ్లముందు పెరిగే ప్రోగ్రాం మూసిన గదిలో పెరిగినదానికంటే మెరుగుగా ఉంటుందని వాదించాడు. ఇందులో అన్యాయం అన్న మాటకు చోటు లేదు. మంచి ఫలితం వస్తుంది కాబట్టి తెరవండి అనడమే వాదం. (చర్చికీ బజారుకూ మధ్య రేమండ్ గీసిన విరోధం తెలుగు క్షేత్రాలకు అంతగా పొసగదు. ఇక్కడ గుడి ముందే అంగడి వీధి ఉంటుంది, ఒకటి లేక రెండవది నడవదు.)

విచిత్రమేమిటంటే ఈ రెండు పక్షాలూ ఆమోదించే లైసెన్సుల జాబితాలు దాదాపు ఒకటే. ఓపెన్ సోర్స్ నిర్వచనం కూడా డెబియన్ బృందం 1997లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం రాసుకున్న మార్గదర్శకాల నుంచే పుట్టింది. ఆచరణలో తేడా అత్యల్పం, తాత్పర్యంలో తేడా అపారం. ఒకే సూత్రగ్రంథానికి శంకరుడూ రామానుజుడూ భాష్యాలు చెప్పిన దేశంలో ఈ పరిస్థితిని అర్థం చేసుకోవడం కష్టం కాదు. సూత్రం మారలేదు కదా, తగవెందుకు అని అక్కడ ఎవరూ అనరు. ఈ వివాదాన్ని గురించి తెలుగులో వచ్చే పరిచయ వ్యాసాలు చాలావరకు రెండు పేర్లను గీతగీసి పక్కపక్కన రాసి, రెండూ దాదాపు ఒకటేనని సర్దిచెప్పి ముగుస్తాయి. భాష్యభేదాన్ని సిద్ధాంతభేదంగా గుర్తించే అలవాటున్న భాషలో ఇది ఆశ్చర్యం కలిగించే ఉదాసీనత. ఓపెన్ సోర్స్ సంస్థాపకులలో ఒకడైన పెరెన్స్ ఏడాది తిరగకముందే, 1999 ఫిబ్రవరిలో, మళ్లీ స్వేచ్ఛ గురించి మాట్లాడవలసిన సమయం వచ్చిందని ప్రకటించి ఆ సంస్థ నుంచి తప్పుకున్నాడు. పేరు మార్చడంతో ఏం పోయిందో పేరు పెట్టినవారిలోనే ఒకరు అంత త్వరగా గుర్తించారు.

3. ఉచితం, స్వేచ్ఛ, స్వాతంత్ర్యం

పేరు మార్చాలన్న వాదనకు చూపిన కారణాలలో ఒకటి ఇంగ్లీషు 'ఫ్రీ' శబ్దానికున్న రెండర్థాలు. వెల లేనిదీ ఫ్రీయే, కట్టుబాటు లేనిదీ ఫ్రీయే. స్టాల్‌మన్ జీవితకాలంలో సగం ఈ రెంటినీ విడదీసి చెప్పడానికే సరిపోయింది. తెలుగులో ఆ శ్రమ అక్కరలేదు. వెల లేనిది ఉచితం, కట్టుబాటు లేనిది స్వేచ్ఛ. 2005లో హైదరాబాదు కేంద్రంగా ఏర్పడిన సంస్థ తన పేరును 'స్వేచ్ఛ' అని పెట్టుకుని, తెలుగు తెరతో రూపొందించిన నిర్వహణ వ్యవస్థకూ అదే పేరు పెట్టినప్పుడు ఇంగ్లీషు సందిగ్ధత ఒక్క పదంతో తీరిపోయింది. తెలుగు వికీపీడియా కూడా 2003 నుంచి తనను స్వేచ్ఛా విజ్ఞాన సర్వస్వంగానే చెప్పుకుంది, ఉచిత విజ్ఞాన సర్వస్వమని కాదు.

ఈ భేదం నిఘంటువుకే పరిమితం కాదని 2015-16లో తేలింది. ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్ పేరుతో కొన్ని వెబ్‌సైట్లను డేటా ఖర్చు లేకుండా చూపే పథకాన్ని భారతదేశంలో ప్రవేశపెట్టినప్పుడు, 2010లో ఏర్పడిన ఫ్రీ సాఫ్ట్‌వేర్ మూవ్‌మెంట్ ఆఫ్ ఇండియా వంటి సంస్థలు దానిని వ్యతిరేకించాయి. ఫ్రీ అన్న పదాన్నే పేరులో ధరించిన సంస్థ ఫ్రీ అన్న పథకాన్ని ఎదిరించడం ఇంగ్లీషులో విడ్డూరంగా వినిపిస్తుంది. తెలుగులో విడ్డూరం లేదు. ఇచ్చేది ఉచితం, పోయేది స్వేచ్ఛ. 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధించడంతో ఆ పథకం ఆగిపోయింది.

ఉచితం అన్న పదం గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సంస్కృతంలో ఇది తగినది అనే అర్థమిచ్చే విశేషణం. ఔచిత్యమనే అలంకారశాస్త్ర పరిభాష దీని నుంచి వచ్చిందే. ఉచితానుచితాలు అన్న సమాసంలో తెలుగు నేటికీ ఆ అర్థాన్ని నిలుపుకుంది. తగినది అన్న పదం వెల లేనిదిగా ఎట్లా మారిందన్నది అర్థవిపరిణామ పరిశోధకుల పని. వెల లేదన్న కారణం చేత ఏదీ తగినది కాజాలదని మాత్రం ఈ చర్చలో గుర్తుంచుకోవడం మంచిది.

అసలు సమస్య మరొకచోట ఉంది. స్వేచ్ఛ అంటే స్వ, ఇచ్ఛ. తన ఇష్టం. స్వాతంత్ర్యం అంటే తన తంత్రం తన చేతిలో ఉండటం, మరొకరికి లోబడకపోవడం. పాణిని కర్తను నిర్వచించడానికి ఎన్నుకున్నది స్వతంత్ర శబ్దాన్నే. స్వేచ్ఛ నుంచి స్వేచ్ఛాచారం అనే నిందార్థక పదం పుట్టింది. స్వాతంత్ర్యం నుంచి అటువంటిది పుట్టలేదు. తెలుగువారు స్వాతంత్ర్య సమరం చేశారు గాని స్వేచ్ఛా సమరం చేయలేదు. వ్యుత్పత్తి వాడుకను శాసించదన్న అభ్యంతరం న్యాయమైనదే. పత్రికా స్వేచ్ఛ అన్నప్పుడు ఎవరూ పత్రికల ఇష్టారాజ్యాన్ని ఉద్దేశించరు. అయినా ఈ రెండు పదాల మధ్య ఉన్న నీడ సాఫ్ట్‌వేర్ ఉద్యమంలోని మరొక పెద్ద చీలికకు అచ్చంగా సరిపోతుంది.

ఆ చీలిక ఇది. బీఎస్‌డీ, ఎంఐటీ పేర్లతో పిలిచే లైసెన్సులు ప్రోగ్రాంను తీసుకున్నవారిని దాదాపు ఏమైనా చేసుకోనిస్తాయి. మార్చి, మూలపాఠాన్ని దాచి, అమ్ముకోవచ్చు. రచయిత పేరు తుడిచివేయకుంటే చాలు. జీపీఎల్ అట్లా కాదు. మార్చిన ప్రతిని ఇతరులకు పంచేవారు తాము పొందిన హక్కులన్నింటినీ ఆ ఇతరులకు కూడా ఇచ్చితీరాలి. దీనినే కాపీలెఫ్ట్ అంటారు. మొదటి పక్షం జీపీఎల్‌ను నిర్బంధమంటుంది, రెండవ పక్షం బీఎస్‌డీని దొంగకు తాళంచెవి ఇవ్వడమంటుంది. మొదటిది చేతిలో ప్రతి ఉన్నవాడి ఇష్టాన్ని కాపాడుతుంది. అది స్వేచ్ఛ. రెండవది చిట్టచివర ప్రతిని అందుకునేవాడు ఎవరికీ లోబడకుండా చూస్తుంది. అది స్వాతంత్ర్యం. 2007లో జీపీఎల్ మూడవ రూపం వచ్చినప్పుడు ఈ తగవు లినక్స్ దాకా పాకింది. సోర్స్ కోడ్ ఇచ్చి, మార్చిన ప్రోగ్రాంను మాత్రం తమ పరికరంలో నడవనీయని తయారీదారులను మూడవ రూపం కట్టడి చేసింది. లినస్ టోర్వాల్డ్స్ ఆ కట్టడి అనవసరమని రెండవ రూపం దగ్గరే ఆగిపోయాడు. స్టాల్‌మన్‌కు కావలసింది వాడుకరి స్వాతంత్ర్యం, టోర్వాల్డ్స్‌కు కావలసింది సోర్స్ కోడ్ తిరిగి అందడం.

కేరళలోని ఉద్యమం తన భాషా సాంకేతిక బృందానికి స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ అని పేరు పెట్టుకుంది. తెలుగు ఉద్యమం కాపీలెఫ్ట్ పక్షాన నిలిచి కూడా, అవతలి పక్షానికి బాగా అతికే పదాన్ని తన పేరుగా ఎన్నుకుంది. ఇందులో తప్పుపట్టవలసిందేమీ లేదు. స్వేచ్ఛ వినసొంపైన మాట, విద్యార్థులను ఆకర్షించే మాట. కాని ఆ తరువాత వచ్చిన తెలుగు ఉద్యమ సాహిత్యంలో ఈ భేదాన్ని చర్చించిన జాడలు అరుదు. నినాదానికి సరిపోయిన పదాన్ని సిద్ధాంతానికి కూడా సరిపెట్టుకున్నారు. ఫలితంగా, ఇష్టం వచ్చినట్లు వాడుకోవడమే స్వేచ్ఛ అనుకునే వాడుకరులు తయారయ్యారు. తిరిగి ఇవ్వవలసింది ఉందని వారికి ఎవరూ చెప్పలేదు.

4. దస్త్రం

తెలుగు తెరల అనువాదంలోనూ ఒక భావజాల ఘర్షణ ఉంది. దానిని సాధారణంగా పారిభాషిక పదాల సమస్యగా చూసి వదిలేస్తారు. గ్నోమ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అనువాదాలలో ఫైలుకు దస్త్రం, ఫోల్డరుకు సంచయం కనిపిస్తాయి. వాణిజ్య సంస్థల తెలుగు తెరలు ఫైల్, ఫోల్డర్ అనే రాస్తాయి. అందరికీ తెలిసిన మాట వాడాలన్నది రెండవ పద్ధతి వాదం, తెలుగు తన మాట తాను చెప్పుకోవాలన్నది మొదటిదాని వాదం. సంచయం వంటి పదాలు బడిలో తప్ప ఎక్కడా వినబడవన్న విమర్శ సబబే. దస్త్రం విషయం వేరు. అది హిందుస్తానీ దారిలో తెలుగుకు వచ్చిన పాలనాపదం, ఉత్తర తెలంగాణ పల్లెలలో పట్వారీ చేతి కాగితాల కట్టకు పేరు. 1980ల మధ్యలో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యేవరకు రైతు భూమి ఎవరి పేరున ఉందో ఆ కట్ట చెప్పేది. రైతు మాత్రం దానిని విప్పి చదవలేకపోయేవాడు. తనను శాసించే పాఠం తనకు అందనప్పుడు మనిషి పరిస్థితి ఏమిటో జగిత్యాల, ధర్మపురి ప్రాంతపు పాత తరానికి స్టాల్‌మన్ చెప్పవలసిన పనిలేదు. ఫైలును దస్త్రమని అనువదించినవారు ఈ జ్ఞాపకాన్ని ఉద్దేశించారో లేదో గాని, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాదనను తెలంగాణ గ్రామానుభవంలో నిలిపి చెప్పగల ఒక పదం వారి చేతికి దొరికింది. దానిని వాడుకున్నవారు లేరు.

5. శతకానికి లైసెన్సు లేదు

ఇప్పుడు ధర్మపురికి తిరిగి రావచ్చు. నరసింహ శతకం ఏ లైసెన్సు కిందా లేదు. అది సార్వజనికం. సాఫ్ట్‌వేర్ పరిభాషలో దీని స్థితి బీఎస్‌డీ లైసెన్సు కంటే కూడా వదులు, పేరు నిలపాలన్న షరతైనా లేదు. ఎవరైనా అచ్చువేయవచ్చు. అచ్చువేసిన తమ ప్రతిని ఎవరూ తీసుకోకుండా బిగించుకోవచ్చు కూడా. తాటాకు కాలంలో ఈ బిగింపు సాధ్యం కాలేదు, ఎందుకంటే ప్రతిని చదవగలిగినవాడు నకలు చేయగలిగేవాడు. చదవడమూ నకలుచేయడమూ ఒకే విద్య. కంప్యూటరు ఆ రెండింటినీ విడదీసింది. బొమ్మరూపంలోని ప్రతిని చదివినవాడు దాని పాఠాన్ని నేరుగా పొందలేడు.

తెలుగు యూనికోడ్‌లోకి 1991లోనే, మొదటి సంచికలోనే, వచ్చింది. అయినా తెలుగు ముద్రణరంగం ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా పాత ఫాంట్లను వదలలేదు. వాటిలో తెలుగు అక్షరాల ముక్కలు రోమన్ అక్షరాల స్థానాలలో కూర్చుని ఉంటాయి, ఏ ముక్క ఎక్కడ ఉందో తయారీదారును బట్టి మారుతుంది. తెలుగు వికీపీడియాకు ఆద్యుడైన వెన్న నాగార్జున రాసిన పద్మ అనే ఉపకరణం పాత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చేది. దాని మూలపాఠం బహిరంగం కావడం వల్లనే ఇతరులు కొత్త ఫాంట్ల పట్టికలను చేర్చడం సాధ్యమైంది. ఓపెన్ సోర్స్ పక్షం దీనిని చూపి, తెరిచి ఉంచితే ఫలితం బాగుంటుందన్న తమ మాట నిజమంటుంది. రెండవ పక్షం అడిగేది వేరు. ఒక జాతి రాసుకున్న పాఠమంతా ఎవరో ఒకరి పట్టిక చేతిలో ఉండే స్థితి అసలు ఎందుకు రావాలి?

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చరిత్ర ఈ ప్రశ్నకు మరింత బలమిస్తుంది. వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసిన ఆ బృహత్ప్రయత్నం పుస్తకాలను పుటకొక బొమ్మగా, ప్రత్యేక ఉపకరణం ఉంటే తప్ప సరిగా తెరుచుకోని రూపంలో చూపేది. మూల వెబ్‌సైటు అందుబాటు నుంచి తప్పుకున్న తరువాత కూడా ఆ పుస్తకాలు పరిశోధకులకు దొరుకుతున్నాయంటే, వాటి ప్రతులు అంతకు ముందే ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరడమే కారణం. ప్రతులు పంచే హక్కు ఉదారుల సౌజన్యం కాదు, గ్రంథం బతకడానికి షరతు. శతకాన్ని నకలు రాసుకున్న ధర్మపురి భక్తులకు ఈ సంగతి తెలుసు. తెలుగు శాఖల గ్రంథాలయాలలో ఇంకా తెలియవలసి ఉంది.

ఫాంట్ల విషయంలో తెలుగువారు ఈ పాఠాన్ని కొంత నేర్చుకున్నారు. సిలికానాంధ్ర ద్వారా వెలువడిన పెద్దన, ధూర్జటి, తిమ్మన, సూరన, గురజాడ, గిడుగు, సురవరం మొదలైన ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. మార్చవచ్చు, పంచవచ్చు. మార్చినదానిని కూడా అదే లైసెన్సు కింద ఉంచాలి, ఫాంటును ఒంటిగా అమ్మకూడదు. అంటే ఇది కాపీలెఫ్ట్ పక్షాన నిలిచే లైసెన్సు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబు చెప్పిన సురవరం ప్రతాపరెడ్డి పేరు అటువంటి ఫాంటుకు ఉండటం సముచితం. ఈ వరుసలో శేషప్ప లేడు. అయినా ఈ ఫాంట్లను వాడే డీటీపీ కేంద్రాలలో, పత్రికలలో, విశ్వవిద్యాలయాలలో లైసెన్సు పుటను తెరిచి చదివినవారు ఎందరుంటారో ఊహించవచ్చు. అందరికీ అవి ఉచిత ఫాంట్లే. మూడవ భాగంలో చెప్పిన పదభేదం ఇక్కడ కార్యరూపంలో కనిపిస్తుంది.

6. మార్పు, మకుటం, పరిష్కర్త

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ శిబిరంలోనే జరిగిన ఒక వివాదం సాహిత్య పరిశోధకులకు అన్నింటికంటే దగ్గరిది. అది ప్రోగ్రాంల గురించి కాదు, గ్రంథాల గురించి. ప్రోగ్రాంలతో పాటు వచ్చే పుస్తకాల కోసం స్టాల్‌మన్ సంస్థ గ్నూ ఫ్రీ డాక్యుమెంటేషన్ లైసెన్సు రాసింది. అందులో కొన్ని భాగాలను మార్చరానివిగా ప్రకటించే వీలు కల్పించింది. రచయిత అభిప్రాయాన్ని చెప్పే భాగాన్ని ఇతరులు మార్చే హక్కు అవసరం లేదని ఆయన వాదం. డెబియన్ బృందం ఒప్పుకోలేదు. 2006లో ఓటు వేసి, మార్చరాని భాగాలున్న గ్రంథం స్వేచ్ఛాగ్రంథం కాదని తేల్చింది. స్వేచ్ఛను ప్రపంచానికి బోధించిన సంస్థ పుస్తకాలనే స్వేచ్ఛ చాలదని పక్కనపెట్టిన ఈ సందర్భం ఉద్యమ చరిత్రలో ఎంత వ్యంగ్యమైనదో అంత ఆరోగ్యకరమైనది.

శతకప్రక్రియకు మార్చరాని భాగమంటే ఏమిటో తెలుసు. మకుటం మారితే శతకం మారిపోతుంది. నరసింహ శతకంలో ఊరి పేరు మకుటంలో ఉన్నందువల్ల, ఎవరు ఎక్కడ ఏ పద్యాన్ని ఉటంకించినా ధర్మపురి దానితో పాటే వెళ్లింది. కవి పేరు తెలియని నోటిలో కూడా ఊరు మిగిలింది. కర్తృత్వాన్ని కాపాడటానికి చట్టం లేని కాలంలో ఛందస్సు ఆ పని చేసింది. మకుటం మినహా మిగిలిన పద్యభాగానికి అటువంటి రక్షణ లేదు. మకుటం తెలిసినవాడెవడైనా కొత్త పద్యం కట్టి చేర్చగలడు. శతకవాఙ్మయంలో ప్రక్షిప్తాలు పెరగడానికి మకుటం ఒక కారణమన్నది పరిశోధకులకు తెలిసిన విషయమే. వేమన పద్యాలను బ్రౌన్ 1829లో ఒకసారి, 1839లో పెంచి మరొకసారి అచ్చువేసిన నాటి నుంచి ఏది వేమనది అన్న చర్చ ఆగలేదు. అందరూ చేర్చగలిగిన పాఠం అందరిదీ అవుతుంది, ఎవరు ఏది చేర్చారో మాత్రం పోతుంది.

శేషప్ప తన శతకం ఆరంభంలోనే తనకు పద్యలక్షణం తెలియదనీ, కావ్యాలూ నిఘంటువులూ చదువుకోలేదనీ వినయంగా చెప్పుకున్నాడు. దోషాలున్నా భక్తి తక్కువ కాదన్నది అక్కడి ధ్వని. మరి ఆ దోషాలను పరిష్కర్త దిద్దవచ్చా? తెలుగు ముద్రణ చరిత్రలో పరిష్కర్తలు మౌనంగా దిద్దిన సందర్భాలు కోకొల్లలు. దిద్దకూడదనే పక్షం కవి వినయాన్ని అక్షరాలా గౌరవిస్తుంది, దిద్దవచ్చుననే పక్షం పాఠకుడిని గౌరవిస్తుంది. జీపీఎల్ రెండవ రూపం ఈ చిక్కును మరొక దారిలో విప్పింది. మార్చు, కాని మార్చినట్లు, ఎప్పుడు మార్చినట్లు స్పష్టంగా రాసి పెట్టు అని ఆ లైసెన్సు షరతు విధిస్తుంది. మార్పును నిషేధించలేదు, మౌనాన్ని నిషేధించింది. వికీసోర్స్ పుటలకు ఉండే చరిత్ర వరుస ఇదే సూత్రాన్ని యంత్రం చేత చేయిస్తుంది. ఎవరు ఏ అక్షరం మార్చారో ఎవరైనా చూడవచ్చు.

దీనితో పోలిస్తే తెలుగు విద్యారంగంలో చేతులు మారుతున్న శతకపాఠాల పరిస్థితి ఏమిటి? వాట్సాప్ బృందాలలోనూ, పాఠ్యసామగ్రి పీడీఎఫ్‌లలోనూ తిరిగే నరసింహ శతక ప్రతి ఏ ముద్రణ ఆధారంగా తయారైందో, ఎవరు టైపు చేశారో, ఎక్కడ దిద్దారో చెప్పే ఒక్క వాక్యం కూడా వాటిలో సాధారణంగా ఉండదు. సిద్ధాంత వ్యాసాలు వాటినే ఉటంకిస్తాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి తరం తాళపత్రాలను సరిపోల్చి పాఠాంతరాలు ఇచ్చిన భాషలో, ప్రతిని కాపీ చేయడం ఒక్క క్షణం పనైన కాలంలో, పాఠాంతర వివేకం కనుమరుగు కావడం బాధాకరం. ఈ లోపానికి ఏ కంపెనీనీ నిందించడానికి లేదు.

7. నమూనాలు, సిద్ధాంత గ్రంథాలు

పై తగవు ఇప్పుడు కృత్రిమ మేధ దగ్గర కొత్త రూపం ఎత్తింది. భాషానమూనాను తయారుచేసి దానిని ఓపెన్ అని ప్రకటించే సంస్థలు, అది ఏ గ్రంథాలను చదివి నేర్చిందో చెప్పడానికి ఇష్టపడటం లేదు. 2024 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ఇనీషియేటివ్ ప్రకటించిన నిర్వచనం శిక్షణ సమాచారమంతటినీ యథాతథంగా ఇవ్వాలని పట్టుబట్టలేదు, దాని గురించి తగినంత వివరం ఇస్తే చాలంది. శిక్షణపాఠమే అసలైన మూలపాఠం కదా, అది లేకుండా ఏమి తెరిచినట్లు అని చాలామంది విమర్శించారు. స్వేచ్ఛ సంస్థ ఇటీవలి సంవత్సరాలలో కళాశాల విద్యార్థుల శ్రమతో తెలుగు కథల పుటలను సేకరించి చిన్న భాషానమూనాను తయారుచేయడానికి పూనుకుంది. ఇటువంటి ప్రయత్నాల విలువ నమూనా ఎంత తెలివిగా కథ చెబుతుందన్నదాని కంటే, సరిదిద్దిన ఆ తెలుగు పాఠం తిరిగి అందరికీ ఏ షరతుతో అందుతుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

ఈ షరతు ప్రశ్న తెలుగు పరిశోధకుడి ఇంటిలోనే ఉంది. 2009 నాటి యూజీసీ నిబంధనల తరువాత పీహెచ్‌డీ గ్రంథాల డిజిటల్ ప్రతులు శోధ్‌గంగకు చేరుతున్నాయి. వాటిలో ఎన్నో తెలుగు గ్రంథాలు పాత ఫాంట్లలో కూర్చినవో, స్కాన్ చేసినవో. పుట తెరుచుకుంటుంది, పాఠం రాదు. పైగా శోధ్‌గంగ ఎన్నుకున్న క్రియేటివ్ కామన్స్ లైసెన్సు వాణిజ్య వినియోగాన్ని మినహాయిస్తుంది. లాభాపేక్ష లేని షరతు సాధుసమ్మతంగా కనిపిస్తుంది. అయితే ఏ పనికి వాడాలో శాసించే షరతును స్టాల్‌మన్ పక్షమూ అంగీకరించదు, రేమండ్ పక్షమూ అంగీకరించదు. పాతికేళ్లుగా పోట్లాడుకుంటున్న ఇద్దరూ ఏకమయ్యే అరుదైన చోటు అది. వికీపీడియా, వికీసోర్స్ 2009లో స్వీకరించిన లైసెన్సుతో కూడా అది పొసగదు. శేషప్ప మీద ఎవరైనా ఐదేళ్లు కష్టపడి, రాతప్రతులు సరిపోల్చి, పాఠాంతరాలతో శతకాన్ని పరిష్కరించి డాక్టరేటు పొందితే, ఆ పీఠికనూ పాఠనిర్ణయ చర్చనూ శోధ్‌గంగ నుంచి తెచ్చి వికీసోర్స్‌లోని శతకం పక్కన పెట్టడానికి వీలుండదు. గ్రంథకర్త తన గ్రంథానికి మరొక లైసెన్సు కూడా ఇస్తున్నానని ఒక్క వాక్యం రాస్తే వీలవుతుంది. ఆ వాక్యం రాయడానికి ముఖపత్రంలో, ధ్రువీకరణ పత్రానికీ కృతజ్ఞతలకూ మధ్య, చోటు ఉంది.